కొక్కెము మోయగల బరువు

బండిలో ముందు బరువు ఎక్కువైన ఎద్దుల మెడలు కుంగును. వెనుక ఎక్కువైన కాడి పైకి లేచి మెడపలుపు గొంతునకు బిగియును. ఇది మన పిల్లలకు సైతము తెలియును.

అమెరికాలో పడవను ట్రైలరుపై నుంచి, హిచ్ అను కొక్కెముతో కారు వెనుక తగిలించి సరస్సులకు తీసికొనిపోవుదురు. అక్కడను ఇదే న్యాయము. సాధారణముగా మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు కొక్కెముపై నుండవలెను. మరీ తగ్గినయెడల ట్రైలరు పాము తోకవలె అటునిటు కొట్టుకొనును.

కొక్కెపు గుండుపై 3,500 పౌనులని చెక్కియుండవచ్చును. కారు 2,000 పౌనులే లాగగలదని దాని పుస్తకము చెప్పినచో, ఆ జతకు హద్దు 2,000 మాత్రమే. మరి మనుష్యుడేమి చేయును? పడవ 1,300 పౌనులని చదివి సంతోషించును. ట్రైలరును, యంత్రమును, లంగరును లెక్కింపడు. అక్కడి 20 గ్యాలనుల పెట్రోలే సుమారు 120 పౌనులు! తెలియక విడుచుట వేరు. తెలిసియు విడుచుట దొంగ త్రాసు పట్టుటయే గదా.

“పదిసార్లు క్షేమముగా వచ్చితిని” అని అతడనవచ్చును. క్షేమముగా వచ్చినంతమాత్రమున లెక్క సరియైనదగునా? కొక్కెము విరిగిన దినమున ఆ పడవ ఎదురుగా వచ్చువాని మీదికి పోవచ్చును. అతనిని ఎవరును అడిగియుండలేదు.

పెట్రోలు పోసి, సామానంతయు వేసి, లారీలు తూచు కాటాపై ఒకసారి నిలిపినయెడల నిజము తెలియును. దానికి గంటయైనను పట్టదు.