ఎవరు మోస్తున్న ద్వారం?

గోల్కొండ బాలాహిస్సార్ దర్వాజా దగ్గర అందరూ చప్పట్లు కొడతారు, కొండ కొసకి వినపడుతుందని. తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. గుమ్మం పైన రాతి దూలానికి చెక్కిన యాళులున్నాయి, సింహం పోలికున్న ఊహా మృగాలు. ఆ పైన సున్నపు పనిలో తీర్చిన నెమళ్ళు, వాటి నడుమ కమాను గూడు. మన గుళ్ళలో కనిపించే యాళి సుల్తాను కోట గుమ్మమెక్కింది! మా ముండ్లమూరు వైపు నుంచి వెళ్ళినవాడికి ఛాతీ పొంగుతుంది. మాకు దగ్గరి ఊరైన అద్దంకి ఇంటిపేరుగా గల గంగాధర కవి, తపతీ సంవరణోపాఖ్యానాన్ని గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షాకే అంకితమిచ్చాడు. మన కవుల నోట ఆయన మల్కిభరాముడు.

ఆ ఇబ్రహీమే అన్నకు భయపడి విజయనగరం చేరి, అళియ రామరాయల నీడలో ఏళ్ళ తరబడి తలదాచుకున్నాడు. 1550లో గద్దెనెక్కాడు. 1565లో రామరాయల తల తెగిన యుద్ధంలో శత్రుపక్షాన నిలిచాడు. తెలుగు పద్యానికి తల ఊపినవాడే అన్నం పెట్టిన ఇంటి మీదికి దండెత్తాడు. మరి కళలు కలిస్తే మనుషులు కలిసినట్టేనా?

ఈ ప్రశ్న వేసుకుంటే మరో ద్వారం గుర్తొస్తుంది. సిసిలీలోని పాలెర్మో నగరానికి పోర్తా నువోవా అనే ద్వారముంది. ట్యునీస్‌ను గెలిచిన ఐదవ చార్లెస్ చక్రవర్తి 1535లో ఆ ఊళ్ళోకి వచ్చినందుకు గుర్తుగా 1583లో కట్టారు. 1667లో మందుగుండు పేలి కూలితే రెండేళ్ళకు మళ్ళీ లేపారు. పునరుజ్జీవన కాలపు ఇటలీ పద్ధతీ, ఉత్తర ఆఫ్రికా మూర్ల పోకడా అందులో కలిశాయంటారు. కలిశాయి, సరే. మూర్లెక్కడున్నారు? నాలుగు నిలువెత్తు విగ్రహాలై, ఓడిన బందీలై, గోడ బరువు మోస్తున్నారు. వాళ్ళలో ఇద్దరికి చేతులు నరికినట్టే చెక్కారు. ఆ పనితనాన్ని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు.

గోల్కొండ యాళి అలా లొంగి లేదు, దర్జాగా ఉంది. ఈ తేడా చిన్నది కాదనే నా నమ్మకం. ఎదుటివాడి బొమ్మను పైన నిలబెట్టడానికీ, కింద అణగదొక్కడానికీ మధ్య ఒక నాగరికత అంత దూరం ఉంది.

అయినా మనసు కుదుటపడదు. వాన పడని ఏళ్ళలో మా పక్క పల్లెల వాళ్ళు హైదరాబాద్‌కు తాపీ పనికి, కూలికి పోతారు. వాళ్ళు లేపిన అపార్టుమెంటు గేటు దగ్గరే, పని ముగిశాక వాళ్ళని ఆపి, పేరూ ఊరూ రాయించి, ఎవరింటికని అడుగుతారు. వాళ్ళ చేతి పని లోపలుంటుంది, వాళ్ళు బయటుంటారు. యాళిని అంత ఎత్తున కూర్చోబెట్టిన కోట, దాన్ని చెక్కినవాణ్ణి మర్నాడు ఆ గుమ్మంలోంచి లోపలికి రానిచ్చిందా?