జమాఖర్చుల్లో మా కుర్రవాళ్ళు

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, తనఖా. తెలుగువాడు లెక్క రాయాలంటే ఈ మాటలు లేకుండా గడవదు. అన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి పాత దఫ్తరుల మీదుగా వచ్చినవే. ఆ భాషల వారసులమని గొప్పగా చెప్పుకునే మేము లెక్క పుస్తకంలో మాత్రం బాకీ పద్దు కిందే కనపడతాం.

ఇప్పుడు మా గల్లీల్లోకి కొత్త మాటొకటి వచ్చింది: ఆప్షన్లు. బి.ఏ. పాసై డెలివరీ బండి తోలే కుర్రవాడు ట్రేడర్ నవుతానంటున్నాడు. కామర్సు చదవలేదు. ఇంట్లో ఎవరూ షేరు మొహం చూసినవాళ్ళు కారు. వీడివల్ల ఏమవుతుందని నవ్వేవాళ్ళున్నారు. మేము నవ్వం. మేమూ ఆర్ట్స్ చదివినవాళ్ళమే. బ్రోకరు ఆఫీసులో డెరివేటివ్స్ టర్మినల్ ముందు కూర్చోడానికి పాసవ్వాల్సిన ఎన్.ఐ.ఎస్.ఎం. పరీక్షకు కామర్సు డిగ్రీయే ఉండాలని షరతేమీ లేదు.

చదువు అసలు అడ్డు కాదనడానికి షికాగోలో జరిగిన ఒక సంగతి ఉంది. 1983లో రిచర్డ్ డెన్నిస్ అనే సరుకుల ట్రేడర్, తన మిత్రుడు విలియం ఎక్‌హార్ట్‌తో పందెం వేసుకున్నాడు. ట్రేడింగు నేర్పితే వస్తుందా, పుట్టుకతో రావాలా అని. పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ఈ వ్యాపారంలో అనుభవం లేనివాళ్ళను కూడా ఎంచుకుని, రెండు వారాలు నేర్పాడు. వాళ్ళకు 'తాబేళ్ళు' అని పేరు పెట్టాడు. వాళ్ళలో చాలామంది బాగా సంపాదించారు.

కోచింగు పెట్టి ఫీజులు గుంజేవాళ్ళు ఈ కథ ఇంతవరకే చెబుతారు. మిగతా సగం మేము చెబుతాం. తాబేళ్ళు ఆడింది డెన్నిస్ డబ్బుతో. పోతే డెన్నిస్‌వి పోతాయి. వాళ్ళ చెల్లెలి పెళ్ళికి దాచిన బంగారం పోదు.

మావాడి వెనక ఏ డెన్నిస్ ఉన్నాడు? గిరిగిరి వాడున్నాడు. పొద్దున అప్పిచ్చి రోజూ సాయంత్రం వసూలుకొచ్చే వాడు.

సెబీ 2024లో బయటపెట్టిన లెక్క చూడండి. 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల పైమాటే. 2023-24 ఒక్క ఏడాదిలో ఆడినవాళ్ళలో నూటికి 43 మంది ముప్ఫై ఏళ్ళ లోపువాళ్ళు. నాలుగింట మూడొంతుల మందికి పైగా ఏడాదికి అయిదు లక్షల లోపు ఆదాయం చూపినవాళ్ళు. అదే ఏడాది సొంత పెట్టుబడితో ఆడే సంస్థలకు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలకు 28 వేల కోట్లు లాభం వచ్చింది. ఆ లాభాల్లో దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన బేరాలదే. చేత్తో ఫోను నొక్కేవాడు దేనితో తలపడుతున్నాడో అర్థమవుతోందా?

ఈ లెక్కల్లో హిందువెవరు, ముసల్మానెవరు అన్నది లేదు. ఉండనక్కర్లేదు కూడా. పేదవాడి డబ్బు ఎటు పోయిందో తెలుస్తోంది, అది చాలు.

అందుకే మా ప్రశ్న వేరు. రేపు మావాడొకడు కష్టపడి ఆ లోపలి గదిలో కూర్చున్నాడనుకోండి. వాడి జీతం ఎక్కడినుంచి వస్తుంది? ఆప్షన్ల బేరంలో కొత్తగా గింజ పండదు. ఒకడి జేబులోది ఇంకొకడి జేబులోకి మారుతుందంతే. ధర పడుతుందేమోనని ముందే బేరం కుదుర్చుకునే వ్యాపారికి దీని అవసరం ఉందంటే కాదనం. డెలివరీ బండివాడికి దేని ధర పడుతుందని భయం? బస్తీ నుంచి లోపలికి వెళ్ళినవాడు బస్తీ జేబు ఖాళీ చేస్తే, దాన్ని మావాళ్ళ ఎదుగుదల అని లెక్కేసుకోవడానికి మాకు మనసు రావడం లేదు. బ్యాంకు నౌకరీ హలాలా హరామా అని మా ఇళ్ళలో ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం. ఈ జీతం గురించి ఎవరూ అడగరేం?

పెద్దలు హరాం అని ఒక్క మాటతో తేల్చేస్తారు. నిజానికి ఉలమాల్లో చాలామంది వడ్డీ, మద్యం వ్యాపారాలు చేయని కంపెనీల షేర్లు కొనడాన్ని కొన్ని షరతులతో ఒప్పుకున్నారు. లాభనష్టాల్లో భాగస్వామి కావడం వేరు, చేతిలో లేనిదాన్ని అమ్మడం వేరు. ఈ తేడా విడమరచి చెప్పే ఓపిక జుమా బయానుల్లో కనపడదు. దాంతో కుర్రవాడు చాటుగా ఆడతాడు, చాటుగా పోగొట్టుకుంటాడు. అబ్బాకి చెప్పలేడు. మౌల్వీ సాబ్ దగ్గరికి అసలే వెళ్ళలేడు.

జకాత్ తీసుకోదగ్గ ఎనిమిది వర్గాల్లో అప్పులో మునిగినవాడూ ఒకడు. పాపపు పనికి చేసిన అప్పు తీర్చకూడదని కొందరు ఫిఖ్‌హ్ పండితులన్నారు, తౌబా చేసుకుంటే తీర్చవచ్చని మరికొందరు. మరి ఆప్షన్లలో మునిగిన మావాడు ఏ లెక్కలోకి వస్తాడు? వచ్చే రంజానులోగా మసీదు కమిటీలు కూర్చుని ఈ సంగతి తేల్చాలని అడుగుతున్నాం.