తాపీ, మూలమట్టం, మన జీవితపు గోడ



హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరి కుతుబ్‌షాహీల కాలపు కట్టడం. 1870ల నుంచి అది ఫ్రీమేసన్ల మందిరం. ఇలాంటి మందిరాలను మన దేశంలో చాలాచోట్ల జనం ‘జాదూఘర్’ అన్నారు. మూసిన తలుపుల వెనుక ఏం జరుగుతుందో తెలియక పుట్టిన పేరది. ఏ వార్తనైనా విచారించకుండా నమ్మవద్దని దివ్యఖుర్ఆన్ (49:6) బోధిస్తోంది. కనుక ముందు తెలిసినదేమిటో చూద్దాం.

లండన్‌లో 1717లో వీరి గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. భారత గ్రాండ్ లాడ్జి 1961లో వెలిసింది. మేస్త్రీల పనిముట్లే వీరి చిహ్నాలు. మూలమట్టం సత్ప్రవర్తనకు, రసమట్టం సమానత్వానికి, తూకం గుండు నిజాయితీకి గుర్తులు. కోరికలను హద్దులో ఉంచుకోవాలని వృత్తలేఖిని చెబుతుంది. చెక్కని రాయి కొత్తగా చేరిన మనిషి, నునుపు చేసిన రాయి సంస్కారం పొందిన మనిషి. హజ్రత్ సులైమాన్ (అ) కట్టించిన ఆలయం చుట్టూ వీరి కథలు అల్లుకున్నాయి. చేరేవారు తమ తమ మతగ్రంథం మీద ప్రమాణం చేస్తారు.

ఇందులో చెడేముందని యువకులు అడగవచ్చు. ఆ నీతులు మంచివే. మరి మంచి మాటకు రహస్యమెందుకు? లోపల ఏముందో పూర్తిగా తెలియకముందే దైవగ్రంథం మీద ప్రమాణం ఎలా చేయగలం? 1978లో మక్కాలోని ఇస్లామీ ఫిఖ్ మండలి ఇందులో చేరడం ముస్లింలకు ధర్మసమ్మతం కాదని తీర్పునిచ్చింది. దాని గోప్యత కూడా అందుకు ఒక కారణం.

హజ్రత్ సులైమాన్ (అ) వృత్తాంతమే మనకు గుణపాఠం. చేతికర్రను పురుగు తినేసి ఆయన దేహం ఒరిగేదాకా, ఆయన మరణించిన సంగతి జిన్నాతులకు తెలియనే లేదు (34:14). అగోచర జ్ఞానం అల్లాహ్‌ది మాత్రమేనని అప్పుడు తేటతెల్లమైంది.

మన ధర్మంలో దాపరికం లేదు. అజాన్ ఊరంతటికీ వినిపిస్తుంది. విశ్వాసులు ఒకే కట్టడం లాంటివారని దైవప్రవక్త (స) వేళ్ళలో వేళ్ళు పెనవేసి చూపారు. అయితే మన గోడ నిటారుగానే ఉందా? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో, గల్ఫ్ ఎడారుల్లో ఆ తాపీ, ఆ మూలమట్టం పట్టుకుని పొట్టపోసుకునేవారు మన సోదరులే. నమాజులో వారి భుజానికి భుజం ఆనించి నిలబడతాం. బయటికొచ్చాక కూలి అడిగితే రేపు రమ్మంటామా? చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) ఆజ్ఞ. ఎవరి రహస్యాలో వెతికే ముందు ఆ బాకీ తీర్చుదాం.

అల్లాహ్ మన జీవితపు గోడను వంపు లేకుండా నిలుపుగాక! ఆమీన్.