రెండవ జీతం ఎవరి జేబులోనిది?

పగలు ఆఫీసులో ఉద్యోగం, రాత్రి పేకాట. మొదటిదానికి నెల జీతం వస్తుంది. రెండవదానికి గెలిచిన రోజున గెలిచినంత వస్తుంది. "నేను జూదగాణ్ణి కాను. పోకర్ నాకు పార్ట్‌టైమ్ ఉద్యోగం వంటిది. లెక్క నేర్చుకొని ఓపికతో ఆడుతున్నాను. ఎవరినీ మోసం చేయలేదు. వచ్చినదానిలో దశమభాగం కూడా ఇస్తున్నాను. ఇందులో తప్పేమిటి?" అని అడిగే యౌవనస్థులు మన సంఘాలలోనూ ఉన్నారు. వీరు చదువుకున్నవారు, చెడు తిరుగుళ్లు లేనివారు. "పేకాట పాపం" అని ఒక్క మాటతో త్రోసివేస్తే వారు మారు మాట్లాడకుండా వెళ్లిపోతారు, ఆట మాత్రం మానరు. న్యాయంగా అడిగిన ప్రశ్నకు న్యాయంగా జవాబు చెప్పడం పెద్దల బాధ్యత.

ప్రియులారా, రెండవ పని మనకు కొత్త కాదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలనుండి మద్రాసు వచ్చిన మన వారిలో ఎందరో పగలు ఒక పని చేసి సాయంత్రం మరొక పని చేశారు. కొందరు ట్యూషన్లు చెప్పారు. కొందరు ఎల్.ఐ.సి. ఏజెన్సీ తీసుకున్నారు. తల్లులు ఇంట్లో కుట్టుమిషను త్రొక్కారు. ఆ చిన్న డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టారు, ఊరిలో ఉన్న తల్లిదండ్రులకు మనియార్డరు పంపారు. నేడు చెన్నైలో ఇంటి అద్దె, స్కూలు ఫీజు కట్టి ఇల్లు నడపడం ఎంత కష్టమో మనకందరికీ తెలుసు. కనుక రెండవ సంపాదన కోరడాన్ని మనం తప్పుపట్టడం లేదు. ఆ సంపాదన ఎక్కడినుండి వస్తున్నదని మాత్రమే అడుగుతున్నాము.

ముందుగా ఆట సంగతి చూద్దాం. పోకర్‌లో ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు. తరువాత అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్లమీద పరుస్తారు. మధ్య మధ్య పందెం పెంచుకుంటూ పోతారు. చెయ్యి బాగా లేదనిపిస్తే అప్పటివరకు పెట్టిన సొమ్ము వదలుకొని తప్పుకోవచ్చు. చేతికి మొదటే రెండు ఆసులు రావడం సగటున 221 సార్లకు ఒకసారి జరుగుతుంది. ఇది తెలివిగలవానికీ తెలివిలేనివానికీ ఒకటే. వేల చేతులు ఆడేసరికి అదృష్టం ఇంచుమించు సమానమవుతుంది. మిగిలే తేడా ఎప్పుడు నిలవాలి, ఎప్పుడు తప్పుకోవాలి, ఎదుటివాడు భయపడుతున్నాడా, డాబు చూపుతున్నాడా అన్నది గ్రహించే తెలివిది. అందుచేత "ఇది నైపుణ్యం ఉన్న ఆట" అని మన యువకులు చెప్పేమాట అబద్ధం కాదు.

న్యాయస్థానాలు కూడా ఇదే మాటను చాలాకాలం తూచాయి. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతుండగా పోలీసులు పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవడానికి, ఏది ఉంచాలి ఏది వదలాలి అని నిర్ణయించడానికి నేర్పు కావాలి గనుక రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదని 1967లో తీర్పు వచ్చింది. ఆ తీర్పులోనే ఇంకొక మాట ఉంది. ఆట నడిపే స్థలం యజమాని ఆ ఆటమీద లాభం తీసుకుంటున్నట్లు రుజువైతే అది నేరం కావచ్చునని కూడా న్యాయమూర్తులన్నారు. తరువాతి కాలంలో మొదటి మాటను అందరూ వల్లించారు, రెండవ మాటను జ్ఞాపకం చేసుకున్నవారు తక్కువ.

ఆట సెల్‌ఫోనులోకి వచ్చిన తరువాత ప్రభుత్వాలు మేల్కొన్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించాయి. తమిళనాడు 2021లో చేసిన చట్టాన్ని మద్రాసు హైకోర్టు ఆ సంవత్సరం ఆగస్టులోనే కొట్టివేసింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు ఈ నగరంలో వస్తూనే ఉన్నాయి. 2022లో శాసనసభ మరల చట్టం చేయగా గవర్నరు త్రిప్పి పంపారు. సభ దానిని తిరిగి ఆమోదించగా 2023 ఏప్రిల్‌లో అంగీకారం దొరికింది. ఆ నవంబరులో హైకోర్టు చట్టాన్ని నిలిపింది గాని, రమ్మీ, పోకర్ నైపుణ్యపు ఆటలు గనుక వాటికి ఆ నిషేధం వర్తించదన్నది. 2025లో రాష్ట్రం అర్ధరాత్రి 12 నుండి ఉదయం 5 గంటల వరకు డబ్బు ఆటలు మూసి ఉంచాలని నియమం పెట్టింది. హైకోర్టు దానిని సమర్థించింది. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అనే భేదం చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం ఆట నడిపేవారిని, ప్రకటనలు చేసేవారిని, డబ్బు చేరవేసేవారిని శిక్షిస్తుంది. ఆడేవానికి శిక్ష పెట్టలేదు.

అయితే ప్రశ్న తీరిపోయినట్లేనా? చట్టానికి లోబడడం మన విధి, సందేహం లేదు. కాని స్నేహితుల గదిలో బల్ల వేసుకొని ఆడేవారున్నారు. సెలవులకు గోవా వెళ్లి అక్కడి కాసినోలలో కూర్చునేవారున్నారు. చట్టం ఒక తలుపు మూస్తే మనస్సు మరొక తలుపు వెదుకుతుంది. ఇటు ఒకసారి, అటు ఒకసారి మారిన నియమం మీదనే మన మనస్సాక్షిని నిలబెట్టుకుంటే అదికూడా దానితోపాటు ఊగుతుంది.

పరిశుద్ధ గ్రంథంలో పేకముక్కల ప్రస్తావన లేదు. చీట్లు వేయడం ఉంది. యూదా స్థానంలో మత్తీయను ఏర్పరచుకోవడానికి చీట్లు వేశారు. సిలువయొద్ద సైనికులు ప్రభువు అంగీకోసం చీట్లు వేశారు. మొదటి చోట ఎవరూ ఏదీ పోగొట్టుకోలేదు. రెండవ చోట ఒకని వస్త్రం మరొకని చేతికి వెళ్లింది. రెండు చోట్లా చీటీ చీటీయే, తేడా దానివలన జరిగిన పనిలో ఉంది. మనం కూడా ముక్కలను వదిలిపెట్టి ఆ పనిని చూడవలసి ఉంది.

ఉదాహరణకు ఆరుగురు తలా 5,000 రూపాయలతో కూర్చున్నారనుకుందాం. బల్లమీద మొత్తం 30,000. ఆ రాత్రి వంద చేతులు నడిచాయి, ప్రతి చేతిలో సగటున 1,000 రూపాయల పందెం పోగయింది, నడిపేవాడు నూటికి 5 చొప్పున కమీషన్ తీసుకున్నాడు. అంటే తెల్లవారేసరికి 5,000 అతనికి పోగా బల్లమీద 25,000 మిగిలింది. బాగా ఆడిన మన యువకుడు 12,000తో లేచాడు, అతనికి 7,000 లాభం. మిగిలిన అయిదుగురూ కలిసి పోగొట్టుకున్నది 12,000. రాత్రంతా ఆరుగురు మేల్కొని ఉన్నా ఒక చొక్కా కుట్టబడలేదు, ఒక పాఠం చెప్పబడలేదు, ఒక గింజ పండలేదు. ఆ 7,000 ఎక్కడినుండి వచ్చింది? ఎదురుగా కూర్చున్నవారి ఇండ్లనుండే.

ఇక్కడే "నైపుణ్యం" అనే మాటను మరల చూడవలసి ఉంది. కోర్టులో ఆ మాట ఆటగానిని విడిపించింది. మనస్సాక్షి యెదుట అదే మాట అతనిని పట్టిస్తుంది. ఆట ఉత్త అదృష్టమైతే ఆరుగురూ సమానమైన అవివేకులు, ఎవరి సొమ్ము ఎవరికి పోవునో ఎవరికీ తెలియదు. ఆట నైపుణ్యమైతే ఒకనికి ముందే తెలుసు: తనకంటే తక్కువ తెలిసినవాని సొమ్ము కాలక్రమంలో తనకు వస్తుందని. పార్ట్‌టైమ్ ఆదాయంగా లెక్కపెట్టుకోవాలంటే అలా తెలిసి ఉండక తప్పదు. తనతో సమానమైనవారితో ఆడితే కమీషన్ పోగా మిగిలేది నష్టమే. కనుక అతడు బలహీనులున్న బల్లను వెదకాలి. ఓడిపోతున్నవాడు లేచి ఇంటికి వెళ్లకూడదని లోలోపల కోరుకోవాలి.

నేను బోధనా శిక్షణ పొందినవాణ్ణి గనుక నాకు ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. ఉపాధ్యాయుని తెలివి తక్కువ తెలిసినవానికి చేరి వానిని పెద్దచేస్తుంది. అతని జీతం అందుకే. పేకబల్ల దగ్గర తెలివికి జీతమిచ్చేది ఎదుటివాని తెలియనితనం. వాడు నేర్చుకుంటే ఈ జీతం ఆగిపోతుంది.

"వ్యాపారంలో కూడా ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడుతాడు కదా" అంటారు. పోటీలో ఒక దుకాణం మూతపడవచ్చు, నిజమే. కాని కొనడానికి వచ్చినవాడు డబ్బిచ్చి బియ్యం పట్టుకువెళ్లాడు. మన స్త్రీలు వేసుకునే చీటీపాట చూడండి. అవసరం ఉన్నవారు తగ్గించి పాడుకొని ముందు తీసుకుంటారు, ఆగినవారికి ఆ తగ్గింపులో పాలు వస్తుంది. ప్రతివారి వంతూ వస్తుంది. నమ్మకంగా నడిస్తే చివరకు ఎవరి ఇల్లూ మునగదు.

"ఎదుటివాడు ఇష్టపడే కూర్చున్నాడు" అనేది దీనికంటె బలమైన వాదం. పెద్దవాడు తన సొమ్ము తనకిష్టమైనట్లు ఖర్చు చేయవచ్చు. సరదాకు 100 రూపాయలు పోగొట్టుకొని నవ్వుతూ లేచేవాడుంటే అతనికి అది సినిమా టికెట్టు వంటిదే, దానిమీద పెద్ద తీర్పు చెప్పనక్కరలేదు. కాని ఎదుటివాడు ఇష్టపడింది గెలవడానికి, ఓడడానికి కాదు. తాను గెలుస్తాననే భ్రమలో ఇచ్చిన సమ్మతి అది. ఆ భ్రమ మనకు తెలుసు, దానిమీదనే మన ఆదాయం ఉంది. అతని వెనుక ఎవరున్నారో, ఆ సొమ్ము స్కూలు ఫీజుదో, తాకట్టు పెట్టిన గాజులదో మనం అడగము. ఆన్‌లైన్‌లో అయితే ముఖం కూడా కనబడదు.

2003లో అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఇంటర్నెట్‌లో 86 డాలర్ల పోటీలో నెగ్గి, లాస్‌వేగాస్ ప్రపంచ పోకర్ పోటీలో చోటు సంపాదించి, 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఉద్యోగం చేసుకుంటున్నవాడు గెలిచాడన్న వార్త లోకమంతా పాకింది. ఆ పోటీలో కూర్చున్నవారు 839 మంది, ఒక్కొక్క కుర్చీ వెల 10,000 డాలర్లు. మరుసటి సంవత్సరం 2,576 మంది వచ్చారు. మొదటివాని పేరు అందరికీ తెలుసు. ఉత్తచేతులతో ఇంటికి వెళ్లినవారి పేర్లు ఎవరూ అడగలేదు.

ఈ లెక్క పేకముక్కలతో ఆగదు. ఇప్పుడు కొందరు యౌవనస్థులు "పేకాట మానేశాం" అని చెప్పి షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరాలు చేస్తున్నారు. ఒక కంపెనీలో వాటా కొని సంవత్సరాలు ఉంచుకోవడం వేరు, ఆ కంపెనీ పనిచేసి లాభం తెస్తుంది. గంటల్లో తేలిపోయే ఈ బేరాల స్వభావం వేరు. 2021-22 నుండి మూడు ఆర్థిక సంవత్సరాలలో వీటిలో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, వారి నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. బల్ల మారింది, ముక్కల రూపం మారింది.

ఇక దశమభాగం సంగతి. యూదా త్రిప్పి తెచ్చిన ముప్పది వెండి నాణెములను కానుక పెట్టెలో వేయకూడదని ప్రధానయాజకులు నిర్ణయించారు. సొమ్ము విషయంలో వారు జాగ్రత్తపడ్డారు. ఆ మనిషి విషయంలో మాత్రం అది తమకు సంబంధం లేదన్నారు. మన సంఘాలు ఈ తప్పు చేయకూడదు. "ఆ కానుక వద్దు" అని చెప్పడం సుళువు. దానికి ముందు ఆ యువకుని ఇంటికి వెళ్లి, అప్పు ఎంత ఉందో, నిద్ర ఎంత పోతున్నాడో, భార్యకు ఎంతవరకు తెలుసో ప్రేమతో అడగాలి. ఓడినవాడు సిగ్గుతో దాక్కుంటాడు. అతని మాట బయటికి పొక్కదని నమ్మకం కలిగించే పెద్దలు ఇద్దరైనా ప్రతి సంఘంలో ఉండాలి. కోతపండుగలో మనం పెట్టే లక్కీ డిప్ చిన్నదే కావచ్చు. అయినా పిల్లలకు మనం ఏమి నేర్పుతున్నామో ఒకసారి కూర్చొని ఆలోచించుకుంటే మంచిది.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, మనిషి తన చేతులతో మంచి పని చేయడానికి కారణం అక్కరగలవానికి ఇయ్యగలగడమే అంటాడు. దానినిబట్టి ఏ రెండవ సంపాదననైనా పరీక్షించుకోవచ్చు. ఈ డబ్బు నాకు ఎవరినుండి వచ్చిందో వాని ఇంటికి నేను వెళ్లగలనా? వాని భార్య యెదుట, పిల్లల యెదుట కూర్చొని, "మీ ఇంటి సొమ్ము నాకు ఇలా వచ్చింది, దానికి బదులు మీకు ఇది ఇచ్చాను" అని చెప్పగలనా? ట్యూషన్ చెప్పినవాడు చెప్పగలడు. కుట్టుమిషను త్రొక్కిన తల్లి చెప్పగలదు. వారిని ఆ ఇంటివారు కాఫీ ఇచ్చి పంపుతారు. పోకర్ ఆడే మన సహోదరుడు ఈ ప్రశ్న వేసుకొని, తనకు తానే నిజం చెప్పుకొనును గాక.