ఇచ్చే కన్ను చెడకూడదు

ఆటోనగర్ షెడ్డులో బ్యాటరీ యాసిడ్ చిమ్మినా, మన గూడెంలో పిల్లల కంట్లో సున్నం పడినా, గాయం లోతైతే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి. కార్నియా పై పొరను ఎప్పటికప్పుడు పుట్టించేవి అవే. అవి పోతే చూపు మసకబారుతుంది.

రెండో కన్ను బాగుంటే అందులోంచి తెచ్చి నాటవచ్చు. మొదట్లో పెద్ద ముక్కే తీసేవారు. దానితో బాగున్న కంటికీ ముప్పు ఉండేది. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు చిన్న ముక్కతోనే ప్రయోగశాలలో కణాలు పెంచి నాటారు. అది ఖరీదైన పని. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ సాంగ్వాన్ బృందం 2012లో సులువైన దారి చూపింది. రెండు మిల్లీమీటర్ల ముక్కను తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద పరిచి అతికిస్తారు. కణాలు కంటిలోనే పెరుగుతాయి.

రెండు కళ్లూ ఒకే మనిషివి. అయినా ఇచ్చే కన్ను చెడకూడదని వైద్యులు అంత జాగ్రత్త పడ్డారు. డెల్టా పొలాలకు నీరు కావాలి, నిజమే. పోలవరం కోసం కోయ, కొండరెడ్డి గూడేలు ఖాళీ అయ్యాయి. ఎంత తీసుకుంటే చాలు, ఇచ్చినవాళ్లు కోలుకుంటారా అని ముందే అడగాలి కదా? సైన్సు పాఠంతోపాటు ఈ ప్రశ్న అడగడం కూడా మన పిల్లలకు నేర్పుదాం.