సభా నిర్ణయము, వ్యక్తి బాధ్యత

ఒక సభ తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎవరిది? ఈ ప్రశ్న మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. ద్యూతసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు పెద్దలు సమాధానము చెప్పలేక యుండగా, వయసున చిన్నవాడైన వికర్ణుడు లేచి నిలిచెను. మనుస్మృతి అధర్మమును నాలుగు పాళ్ళు చేసి, ఒక పాలు చేసినవానికి, ఒకటి సాక్షికి, ఒకటి సభాసదులందఱికి, ఒకటి రాజునకు పంచిపెట్టినది. లెక్క చక్కగానే యున్నది. కాని సభాసదులు నూఱుమంది యైనచో వారికి వచ్చిన పాలు మరల నూఱు ముక్కలగునా, లేక ఒక్కొక్కడును దానిని పూర్తిగా మోయవలెనా యను సంగతి ఆ లెక్కలో తేలలేదు. సభలలో కూర్చుండు మనుష్యులు సాధారణముగా మొదటి అర్థమునే ఇష్టపడుదురు.

కతోలిక మతసంస్థ పరిపాలనలో ఈ చిక్కు మఱింత పదునుగా కనబడును. ఆ సంస్థకు తెలుగు కతోలికులు పెట్టుకొన్న పేరు శ్రీసభ. మూలమైన గ్రీకుపదమునకును కూడిక యనియే అర్థము. అయినను ఆ కూడిక పరిపాలనము కూటముల చేతిలో గాక వ్యక్తుల చేతిలో నున్నది. తెలుగునాట మేత్రాణులని పిలువబడు బిషప్పు, పైనుండి వచ్చిన ఉత్తరువులను అమలు జరుపు కలెక్టరు వంటివాడు కాడు. అతడు అపొస్తలుల వారసుడనియు, తన మేత్రాసనములో బోధించుటకును శాసించుటకును అధికారము అతనికి స్వంతమనియు ఆ మతసిద్ధాంతము. ప్రపంచమందలి బిషప్పులందఱును పోపుతో కలిసి ఒక మండలియగుదురని 1964 నవంబరు 21న రెండవ వాటికన్ మహాసభ, 2,151 మంది ఔననగా 5గురు కాదనగా, ప్రకటించినది. అనగా అధికారమునకు స్పష్టమైన స్థానములు రెండు: ఒక మేత్రాసనమున ఒక్క బిషప్పు, లోకమంతటికి పోపుతో కూడిన మండలి. ఒక దేశపు బిషప్పులు కూడి కూర్చుండు సమాఖ్య ఈ రెంటికి నడుమ నున్నది. అది ఎవరి గొంతుతో మాటలాడునన్నదే సమస్య.

ఇట్టి సమాఖ్యలు సిద్ధాంతమునుండి పుట్టలేదు, అవసరమునుండి పుట్టినవి. 1848లో ఐరోపా విప్లవములతో అట్టుడుకుచుండగా జర్మను బిషప్పులు వుర్ట్స్‌బుర్గ్ నగరమున సమావేశమైరి. 1867 నుండి ఫుల్డాలో కూడుట వాడుకయైనది. ఆ కూటమికి ధర్మశాస్త్రమిచ్చిన శాసనాధికారమేదియు లేదు. ప్రభుత్వముతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుట, విశ్వాసులకు ఉమ్మడి లేఖలు పంపుట, ఇంతే. అధికారము లేని కూటమి వలన అపాయమును లేదని తోచవచ్చును. 1933 తరువాతి పండ్రెండేండ్లు అట్లు కాదని చూపినవి.

ఆ కాలమున ఫుల్డా కూటమికి అధ్యక్షుడు బ్రెస్లౌ పీఠాధిపతియైన కార్డినల్ అడాల్ఫ్ బెర్ట్రాం. ఆయన పిరికివాడని తేల్చివేయుట సులభము. అది న్యాయము కాదు. 1870 తరువాత బిస్మార్కు ప్రభుత్వము బిషప్పులను చెఱలో పెట్టుటయు, గురువులు లేని ఊళ్ళలో జనులు సంస్కారములు లేక అలమటించుటయు ఆయన తరమువారు బాల్యమున చూచినవే. ఆ దినములు మరల రాకూడదనియే ఆయన తపన. కావున బహిరంగ నిరసనకు మారుగా ప్రభుత్వమునకు విన్నపములు పంపుచు వచ్చెను. జవాబు రాకున్న మఱియొక విన్నపము పంపెను. 1940 ఏప్రిలులో హిట్లరు జన్మదినమున ఆయన బిషప్పుల పక్షమున శుభాకాంక్షలు పంపెను. తోడి బిషప్పులను ముందుగా అడుగలేదు. బెర్లిను బిషప్పు కొన్రాడ్ ఫాన్ ప్రైసింగ్ దీనిని సహింపలేక, కూటమిలో తాను వహించుచుండిన పత్రికా వ్యవహారముల బాధ్యతను వదలుకొనెను. పీఠమునే విడువ దలచెను. తన నోట రాని మాట తన పేర వెలువడినది. అది ఒక కాగితపు మర్యాద మాత్రమేనని పలువురు సరిపెట్టుకొని యుందురు. ప్రైసింగునకు అది మర్యాద కాదు, అబద్ధము.

మఱుసటి యేడు జరిగిన సంగతి ఇంకను సూక్ష్మమైనది. మతి చలించినవారిని, తీరని వ్యాధిగ్రస్తులను ప్రభుత్వము రహస్యముగా చంపించుచుండెను. 1941 జూన్ 26 తేదీగల బిషప్పుల ఉమ్మడి లేఖ జూలై 6న దేశమందలి కతోలిక దేవాలయములలో చదువబడినది. నిరపరాధిని చంపుట తగదన్న మాట అందులో నున్నది. మాట సత్యమే. ఎక్కడ, ఎవరు, ఎవరిని చంపుచున్నారో అందులో లేదు. ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్పు క్లెమెన్స్ ఆగస్ట్ ఫాన్ గాలెన్ సెయింట్ లాంబర్ట్ దేవాలయమున ప్రసంగింప నిలిచెను. మొదట ఆ ఉమ్మడి లేఖనే జ్ఞాపకము చేసెను. పిమ్మట అది చెప్పనిదానిని చెప్పెను: మ్యూన్‌స్టర్ చెంతనున్న మరియెన్‌తాల్ చికిత్సాలయమునుండి రోగులను తరలించుచున్నారనియు, హత్య జరుగనున్నదని తెలిసినవాడు అధికారులకు తెలుపవలెనని శిక్షాస్మృతియే శాసించుచున్నదనియు, ఆ శాసనము ననుసరించి తాను జూలై 28న ఫిర్యాదు దాఖలు చేసితిననియు చెప్పెను. ఆ ప్రసంగపు ప్రతులు చేతులు మారుచు దేశమంతట వ్యాపించినవి. ఆగస్టు 24న హిట్లరు ఆ కార్యక్రమమును నిలుపుమని ఆజ్ఞాపించెను. అప్పటికే 70,000 మందికి పైగా చంపబడిరి. ఆ తరువాతను వేఱు మార్గముల హత్యలు సాగినవి.

గాలెన్ ఉమ్మడి లేఖను కాదనలేదు; దానిమీద నిలిచియే మాటలాడెను. సభ ఇచ్చినది సూత్రము. ఊరి పేరు, తేదీ, ఫిర్యాదు ఒక మనుష్యుడు ఇచ్చినవి. సూత్రమునకు పోలీసులు రారు. ఊరి పేరు చెప్పినవాని ఇంటికి రావచ్చును. పలువురి సంతకములు గల పత్రము ప్రతివారికి సమ్మతము కావలెను గనుక, ఎవరికి జంకు కలిగినను ఆ మాట కొట్టివేయబడును. చివరకు మిగులునది అందఱును ఒప్పుకొన్నదే గాని ఏ ఒక్కరును నిద్రమాని తలపోసినది కాదు.

అట్లని ఒంటరి గొంతు ఎల్లప్పుడు ధైర్యముగలదని చెప్పరాదు. యూదుల హత్యను గూర్చి గాలెన్ అట్టి ప్రసంగము చేయలేదు. బెర్లినులో ప్రైసింగు కార్యాలయమున పనిచేసిన మార్గరెతె సొమ్మర్ యూదుల పక్షమున సిద్ధపఱచిన నిరసన పత్రమును 1943లో ఫుల్డా కూటమి ప్రక్కకు పెట్టినది. దానికి మారుగా పది ఆజ్ఞలను గూర్చిన లేఖ సెప్టెంబరులో చదువబడినది. పరజాతి నిరపరాధులను చంపుటయు పాపమేనని అందులో నున్నది. యూదులను పేరుపెట్టి చెప్పలేదు.

నెదర్లాండ్సులో బిషప్పులు ఒక్క నోటితో మాటలాడిరి. ఆ కథ వినుట కష్టము. 1942 జూలైలో యూదులను తరలించుటను నిరసించుచు క్రైస్తవ సంఘములు ఆక్రమణాధికారులకు తంతి పంపినవి. నిరసనను బహిరంగము చేయకున్నచో క్రైస్తవము స్వీకరించిన యూదులను విడిచిపెట్టుదుమని అధికారులు ఆశ చూపిరి. దేశములోని పెద్ద ప్రొటెస్టెంటు సంఘము అంగీకరించినది. ఉట్రెక్ట్ ఆర్చిబిషప్పు యోహానెస్ ద యోంగ్, తోడి బిషప్పులు అంగీకరింపక జూలై 26న తంతిని తమ దేవాలయములన్నిట చదివించిరి. ఆగస్టు 2న కతోలికులైన యూదులు పట్టుకొనబడిరి. హుస్సెర్ల్ శిష్యురాలు, తత్త్వవేత్త, కార్మెలు సన్న్యాసినియైన ఎడిత్ స్టైనును ఆమె సోదరిని ఎక్త్ మఠమునుండి తీసికొనిపోయిరి. ఆగస్టు 9న ఆమె ఔష్విట్జులో చంపబడినది.

బిషప్పులు పలికిన సత్యమునకు వెల చెల్లించినవారు బిషప్పులు కారు. దీనికి సమాధానము చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. మౌనము వహించినచో ఆ కొందఱు బ్రదికి యుందురేమో. ఆ బ్రదుకు, తక్కిన యూదులను గూర్చి నోరు మూసికొనుటతో కొన్నదై యుండెడిది. ఇంతమాత్రము చెప్పవచ్చును: డచ్చి బిషప్పులలో ఎవడును సభ చాటున దాగలేదు; ప్రతివాడును తన దేవాలయమున ఆ లేఖను చదివించి దాని ఫలితమును పూర్తిగా తనమీద వేసికొనెను. గాలెన్, ప్రైసింగ్, ద యోంగ్ ముగ్గురును 1946 ఫిబ్రవరిలో ఒకే పర్యాయము కార్డినల్ పదవి పొందిరి. అప్పటికి బెర్ట్రాం మరణించి ఏడు నెలలైనది.

బిషప్పుల సమాఖ్యలు ప్రతి దేశమునందు ఉండవలెనని 1965లో రెండవ వాటికన్ మహాసభ నిర్ణయించినది. వాని హద్దులను 1983 నాటి ధర్మశాస్త్రము గీచినది. సార్వత్రిక శాసనము అనుమతించిన విషయములలోనో, రోము ప్రత్యేకముగా అప్పగించిన విషయములలోనో మాత్రమే సమాఖ్య శాసనము చేయవచ్చును. దానికి మూడింట రెండు వంతుల ఓట్లు, రోము పరిశీలన కావలెను. తక్కిన విషయములలో ప్రతి బిషప్పు అధికారమును చెక్కుచెదరక నిలుచును. బిషప్పులలో ఒక్కొక్కడును సమ్మతింపనిదే సమాఖ్య గాని దాని అధ్యక్షుడు గాని అందఱి పేరిట వ్యవహరింపరాదు. 455వ సూత్రమందలి ఈ కడపటి వాక్యమును చదువునపుడు 1940 నాటి జన్మదిన శుభాకాంక్షలు తలపునకు రాకమానవు.

అదే 1983లో అమెరికా బిషప్పులు అణ్వాయుధములను గూర్చి 238 ఓట్లతో, 9 వ్యతిరేకముగా ఒక లేఖ నంగీకరించిరి. అంతకుముందు రోములో జరిగిన సంప్రతింపులలో, సమాఖ్యకు సమాఖ్యగా బోధనాధికారము లేదనియు, అది బిషప్పునకో సమస్త మండలికో చెందునదనియు కార్డినల్ రాట్జింగర్ పట్టుపట్టెను. 1998లో రెండవ జాన్‌పాల్ పోపు ఈ వాదమునకు మధ్యేమార్గము కనుగొనెను: సిద్ధాంత విషయములలో సమాఖ్య ప్రకటన బిషప్పులందఱును ఏకగ్రీవముగా ఆమోదించినచో చెల్లును, లేదా మూడింట రెండు వంతులు ఆమోదించి రోము ఒప్పుకొనవలెను.

శాసనసభలకు అలవాటుపడిన వారికి ఇది విపరీతముగా తోచును. ఒక్కడు కాదన్నచో వందమంది మాట ఆగిపోవుటేమి? దానికి కారణము లేకపోలేదు. బోధించు బాధ్యత వ్యక్తిదే యైనపుడు ఓట్లలో ఓడిపోయినంత మాత్రమున అది అతనినుండి తొలగిపోదు. గెలిచినవారి పాలికి చేరదు. అయితే విమర్శకుల మాటయు త్రోసివేయదగినది కాదు. ఏకగ్రీవమును కోరు సభ 1941 నాటి ఉమ్మడి లేఖవంటి చప్పిడి వాక్యములనే వ్రాయును. ఏకగ్రీవము కుదరనపుడు విషయము రోమునకు పోవును. సభలో దాగినవానికి సభ చాటు. రోమునకు పంపినవానికి రోము చాటు. పైవారు చూచుకొందురను మాటకన్న మెత్తని తలగడ మనుష్యులు ఇంతవరకు కనుగొనలేదు. సమాఖ్యల బోధనాధికారము ఇంకను స్పష్టము కాలేదని 2013లో ఫ్రాన్సిస్ పోపు వ్రాసెను. దానిని స్పష్టము చేయుమని 2024 అక్టోబరులో ముగిసిన సినడు మరల కోరినది.

భారతదేశమున ఈ వైవిధ్యమంతయు ఒకే చోట కానవచ్చును. 1944లో మద్రాసులో ఏర్పడిన భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యలో లాటిన్, సీరో మలబార్, సీరో మలంకర అను మూడు సంప్రదాయముల బిషప్పులు కూర్చుందురు. కేరళ మూలముగల తుది రెండింటికి స్వంత సినడులు కలవు. అవి నిజముగా శాసనములు చేయగలవు. అయినను 2021 ఆగస్టులో ఆరాధన ఒకే తీరున జరుగవలెనని సీరో మలబార్ సినడు నిర్ణయింపగా ఎర్నాకుళం–అంగమాలి మేత్రాసనమున ఏండ్ల తరబడి ప్రతిఘటన సాగినది. శాసనాధికారము గల సభకును విధేయత దానంతటది లభింపదు.

2016 డిసెంబరులో పీఠాధిపతుల సమాఖ్య దళితుల అభ్యున్నతిని గూర్చి ఒక విధాన పత్రము వెలువరించుచు, అంటరానితనము, వివక్ష శ్రీసభలో సైతము ఉన్నవని బహిరంగముగా ఒప్పుకొన్నది. 2022 ఆగస్టులో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ, దళితులలో మొదటివాడుగా, తెలుగువారిలో మొదటివాడుగా కార్డినల్ పదవి పొందెను. విధాన పత్రమునకు శాసనబలము లేదు. తమిళనాట కొన్ని కతోలిక శ్మశానములలో కులములను వేఱుచేయుచు నిలిచిన గోడల సంగతి ఎల్లరకు తెలిసినదే. అట్టి గోడను పడగొట్టుమని సమాఖ్య ఏ విచారణను ఆజ్ఞాపింపజాలదు. ఆ ఉత్తరువు ఆ మేత్రాసనపు బిషప్పు తన పేర వ్రాసి, తన చేత సంతకము చేసి పంపవలసినది.