సందూక్‌లో ఆరు వాటాలు

అమ్మీ పోయిన నలభయ్యో రోజు ఫాతెహా అయిపోయింది. ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లం, నలుగురం కూర్చుని ఆమె సందూక్ తెరిచాం. చుట్టాలంతా వెళ్లిపోయారు. అమ్మీ పుట్టింటి నుంచి వచ్చిన మేనమామ కూతురు ఒక్కతే గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమెను అంతకుముందు మేం రెండుసార్లకు మించి చూసి ఉండం.

సందూక్‌లో నగలు లేవు, పొలం కాగితాలు లేవు. రంగుల వారీగా మడతపెట్టి కట్టిన పాతచీరల ముక్కల మూటలు, దబ్బనాలు, సూదులు గుచ్చిన ఉన్నిగుడ్డ, తెల్లదారం రీళ్లు, దారానికి రాసే మైనం ముద్ద, ఇత్తడి అంగుస్తాన, పెద్ద కత్తెర, సంచెడు దూది, సగం కుట్టి ఆపిన బొంత ఒకటి ఉన్నాయి. అన్నిటికీ అడుగున, నూనెగుడ్డలో చుట్టి, నున్నగా అరిగిపోయిన చెక్కసుత్తి ఒకటి దొరికింది.

వీటిని ఏం చేయాలి? చిన్న ప్రశ్నే అనుకున్నాం. పెద్దన్న పాతసామాన్ల వాడికి వేద్దామన్నాడు. ఆపా పంచుకుందామంది. షరీఅత్ ప్రకారం కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. మొత్తం ఆరు వాటాలు. కత్తెరను ఆరు వాటాలు ఎట్లా చేస్తారని నవ్వుకున్నాం. అంతలోనే ఆపా నవ్వు ఆపేసింది. "అమ్మీకి కళ్లు కనపడనప్పటి నుంచి సూదిలో దారం ఎక్కించింది మేమిద్దరం. మీరు ఒక్కనాడైనా ఎక్కించారా? ఇందులోనూ మాకు సగమేనా?" అంది. కొడుకులం తల వంచుకున్నాం. వారసులు ఇష్టపడి తమ వాటా వదులుకుంటే షరీఅత్ కాదనదు. కానీ వదులుకోవడం వేరు, అర్హత లేదని ఒప్పుకోవడం వేరు. మొదటిది మాకు తేలిక. దాంట్లో మా పెద్దమనసు కనపడుతుంది కదా!

అదే షరీఅత్‌లో ఇంకో మాట కూడా ఉంది. మేం అది మరిచిపోయి నేరుగా వాటాల దగ్గరికి పోయాం. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత వసీయత్, ఆ మిగిలిన దాంట్లోనే వాటాలు. మరి అమ్మీ అప్పులేమిటి?

సగం కుట్టిన బొంత చేతికి తీసుకుంటే తెలిసింది. ఆ చీరలు మా ఇంటివి కావు. పక్కింటి పద్మశాలి అక్క, చనిపోయిన తన తల్లి చీరలు నాలుగు తెచ్చి అమ్మీకిచ్చింది. రెండేళ్లయింది. పోయి అడిగితే, "ఆమెకు పానం బాగలేనప్పుడు బొంత అడిగితే ఏం బాగుంటదని ఊకున్న" అంది. అంటే మేం పంచుకోవడానికి కూర్చున్నది ఇంకొకరి తల్లి జ్ఞాపకాన్ని. అది అమానత్.

మా లౌకికవాద మిత్రుడొకాయనకు ఈ కథ చెబితే పొంగిపోయాడు. మ్యూజియానికి ఇచ్చేయండి, గంగా జమునా తెహజీబ్‌కు ఇంతకన్నా గుర్తు ఏముంటుంది అన్నాడు. ఆయన మనసు మంచిదే. అయినా మాకు మింగుడు పడలేదు. పక్కింటి అక్క వాళ్ల అత్తగారు మా ఇంట్లో మంచినీళ్లు తాగేది కాదు. అమ్మీ కుట్టిన బొంత మాత్రం కప్పుకునేది. అద్దాల పెట్టెలో పెడితే బొంత కనపడుతుంది, తాగని నీళ్లు కనపడవు. గుడ్డముక్కలు కలిసినంత తేలిగ్గా మనుషులు కలవలేదు. అమ్మీ బొంతలు కుట్టింది సామరస్యం కోసం కాదు, మా ఫీజుల కోసం. ఇది చెప్పకుండా ఆ బొంతను ఎవరు పొగిడినా మాకు పొగిడినట్టుండదు.

అయితే దాచిపెట్టడంలో మేమేం తక్కువ తిన్నాం? ఆ చెక్కసుత్తి ఏమిటని మేం అనుకుంటుంటే గడప దగ్గర నుంచి జవాబొచ్చింది. "అది మా తాతది. దూదేకే విల్లు నారి మీద కొట్టేది."

అమ్మీ వాళ్లది దూదేకుల ఇల్లు. మాకు తెలియక కాదు. తెలిసీ పలకని మాట. అబ్బా ఉర్దూ పంతులు, పేరుకు ముందు షేక్. ఆయన పాఠంలో మన్సూర్ హల్లాజ్ పేరు వస్తే గొంతు మెత్తబడేది. తాను నమ్మిన సత్యం కోసం 922లో బాగ్దాద్‌లో ప్రాణం ఇచ్చిన సూఫీ. హల్లాజ్ అంటే అరబ్బీలో దూదేకేవాడు. అదే పనికి తెలుగులో ఉన్న పింజారి అనే పేరును మాత్రం ఆయన ఇంట్లో పలకనిచ్చేవారు కాదు. బయట అది తిట్టు. బుర్రకథ నాజర్ తన ఆత్మకథకు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నాడు. ఆ ధైర్యం మా ఇంటి దాకా రాలేదు.

బడిలో మాతృభాష అన్న చోట అబ్బా ఉర్దూ అని రాయించారు. మాతృ అంటే తల్లే కదా. మా తల్లి కుట్లు లెక్కపెట్టుకున్నది తెలుగులో, మమ్మల్ని తిట్టింది తెలుగులో, జ్వరంలో కలవరించింది తెలుగులో. మేం అమ్మా అని పిలిస్తే అబ్బా అమ్మీ అని దిద్దేవారు. ఉర్దూ మీద మాకు ఫిర్యాదు లేదు, అది మాకు అన్నం పెట్టింది. కానీ ఒక భాషను నేర్పడానికి ఇంకో భాషను సందూక్ అడుగున పెట్టాలా? తురకోళ్లని మమ్మల్ని ఊరి చివరకు నెట్టారని మేం రాస్తుంటాం, నిజమే. మా ఇంట్లో మేమే ఒకరిని గడప దగ్గర కూర్చోబెట్టామని ఎప్పుడు రాశాం?

వాటాల సంగతి ఎటూ తేలక ఉన్నప్పుడు మాకు ఖిర్ఖా గుర్తొచ్చింది. సూఫీల మాసికల అంగీ అది. పీర్ దగ్గర నుంచి అది రక్తం పంచుకున్న కొడుక్కే పోవాలని లేదు, దారి పట్టుకున్న శిష్యుడికి పోతుంది. 1356లో ఢిల్లీలో నసీరుద్దీన్ చిరాగ్ కన్నుమూసినప్పుడు, తనకు పీర్ల నుంచి వచ్చిన ఖిర్ఖా, చేతికర్ర, జపమాల తనతోపాటే ఖబర్‌లో పెట్టించుకున్నారని చెబుతారు. వస్తువులు అక్కడితో ఆగిపోయాయి. దారి ఆగలేదు. ఆయన శిష్యుడు బందేనవాజ్ గేసూదరాజ్ ముసలితనంలో దక్కనుకొచ్చి గుల్బర్గాలో స్థిరపడ్డారు. ఇవాళ్టికీ మన వైపు నుంచి ఆ ఉర్సుకు జనం పోతూనే ఉన్నారు. వస్తువు ఉన్నంత మాత్రాన వారసత్వం ఉన్నట్టు కాదు, వస్తువు లేనంత మాత్రాన పోయినట్టూ కాదు.

అట్లా చూస్తే అమ్మీకి వారసులెవరు? మా నలుగురిలో బొంత కుట్టేవాళ్లు లేరు. గడప దగ్గర కూర్చున్న ఆమె ఇప్పటికీ బొంతలు కుట్టుకునే బతుకుతోంది. ఫోం పరుపులొచ్చాక విల్లు మూలన పడింది, సూది మాత్రం ఆడుతూనే ఉందని చెప్పింది. పిల్లలుండగా మేనకోడలికి షరీఅత్‌లో వాటా రాదు. మా వాటాలు మేం ఇస్తే ఎవరూ అడ్డం రారు.

ముందు అప్పు తీర్చాం. మేనమామ కూతురు నాలుగు రోజులు ఉండిపోయింది. గడప దగ్గర కాదు, నడింట్లో. ఆమె, ఆపా, చెల్లె కలిసి బొంత పూర్తి చేశారు. అన్నదమ్ములం సూదుల్లో దారం ఎక్కించాం. నాలుగైదు వరసలు మేమూ కుట్టాం. మేం కుట్టిన చోట వంకర తెలుస్తూనే ఉంది. పక్కింటి అక్క దాన్ని చేత్తో తడిమి, "ఇది అమ్మీ కుట్టు కాదు" అంది. అయినా మడిచి గుండెకు పెట్టుకుంది. కూలి ఇవ్వబోతే వద్దనలేదు, తీసుకుని మేనమామ కూతురి చేతిలో పెట్టాం. పనికి కూలి పుచ్చుకోవడం చిన్నతనం అనుకున్నది మేమే కానీ అమ్మీ కాదు.

కత్తెర, సూదులు, అంగుస్తాన, గుడ్డల మూటలు అన్నీ ఆమెకే కట్టి ఇచ్చాం. చెక్కసుత్తి కూడా ఇవ్వబోయాం. ఆమె తీసుకోలేదు.

"సూదులు చాలు, నా పని నడుస్తది. ఇది మీ దగ్గరే పెట్టుకోండ్రి. మీకే మరుపు ఎక్కువ."

దాన్ని అబ్బా ఉర్దూ పుస్తకాల పక్కన అరలో పెట్టాం. వచ్చినవాళ్లు ఇదేమిటని అడుగుతుంటారు. మా నలుగురిలో ముగ్గురం ఉన్నదున్నట్టు చెబుతున్నాం. ఒకరం ఇంకా పాతసామాను అనే అంటున్నాం.